వేలిముద్ర పడని అక్క

పోయిన శనివారం వికారాబాద్‌లో మా వీధి చివర రేషన్ దుకాణం ముందు వరుసలో నిలబడ్డాను. నా ముందున్న ముసలమ్మ వంతు వచ్చింది. ఆమె బొటనవేలిని కొంగుకు తుడుచుకుంది. నోటి దగ్గరికి తెచ్చుకుని, అద్దం మీద ఊదినట్టు "హా" అని వెచ్చగా ఊపిరి వదిలింది. తర్వాత మిషన్ మీద పెట్టింది. మిషన్ ఒప్పుకోలేదు. మళ్లీ తుడుచుకుంది, మళ్లీ ఊదింది.

నేను సంచీ మడుచుకుని వరుసలోంచి బయటికి వచ్చేశాను. "ఏందన్నా, నీ నంబరే గదా" అని దుకాణం అతను పిలుస్తున్నా ఆగలేదు. ఆ ఊపిరి నాకు తెలుసు. మొదటి సెమిస్టరు పొడుగునా, వారానికి మూడు రోజులు, హైదరాబాద్‌లో మా క్లాసు గుమ్మం దగ్గర విన్న ఊపిరి అది. ఆ మనిషి పోయి ఎనిమిది నెలలైంది.

ఆమె పేరు ఇక్కడ రాయను. బతికి ఉండగా తాను తానేనని నిరూపించుకోవడంలోనే అలిసిపోయింది. నేను అక్కా అని పిలిచాను, అక్క అనే రాస్తాను.

మేమిద్దరం ఎల్ఎల్ఎం చదివాం. టెక్నాలజీ చట్టాలు, ఇన్నొవేషన్ మా సబ్జెక్టు. ఫోన్లూ కంప్యూటర్లూ మనిషి గురించి ఏమేం రాసిపెట్టుకోవచ్చు, ఎవరినడిగి రాసుకోవాలి, తప్పు రాస్తే జవాబు ఎవరు చెప్పాలి, ఇవీ మా పాఠాలు. నేను వికారాబాద్ కోర్టులో చిన్న వకీలును. ఆదివారాలు మా చర్చి సంఘంలో బైబిలు వాక్యం చెబుతాను. అక్క తాండూరు కోర్టులో వకీలు. అంతకు ముందు అదే ఊళ్లో బండల పాలిష్ మిషన్ దగ్గర కూలి. నాకంటే పద్నాలుగేళ్లు పెద్దది.

తను తాండూరులో రైలెక్కేది. వికారాబాద్ వచ్చేసరికి పక్క సీటు మీద ఆకుపచ్చ గళ్ల తువ్వాల పరిచి ఉండేది. ఎవరైనా కూర్చోబోతే, "పాస్టర్ సాబ్ వస్తుండు. దారి పొడుగునా ప్రార్థన చేపిస్తడు. ఇష్టమైతే కూసో" అనేది. చాలామంది వేరే సీటు వెతుక్కునేవారు.

"నేను పాస్టర్ను కాదక్కా."

"అయితవ్ తియ్. మొకమే గట్లుంది."

డబ్బాలో జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం ఉండేవి. నేను కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకునేదాకా తను ముక్క తుంచేది కాదు. ఒకరోజు నా ప్రార్థన పొడుగైంది. "తమ్మీ, జర జల్ది. రొట్టె గట్టిపడ్తుంది. ఆయనకు గూడ వేరే పనులుంటయ్ గదా" అంది. కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. ఆమె దేవుడు బీరప్ప. వాళ్లది బొంరాస్‌పేట దిక్కు గొర్రెలు కాసిన ఇల్లు. నా దేవుణ్ణి ఆమె ఎన్నడూ తక్కువ చేయలేదు. నా ప్రసంగాలను మాత్రం దిద్దేది.

ఒక శనివారం తిరుగు రైల్లో మర్నాటి ప్రసంగం కాగితాలు చూసుకుంటున్నాను.

"రేపు దేని మీద?"

"తప్పిపోయిన గొర్రె మీద అక్కా."

"చెప్పు, ఇంట."

చెప్పాను. కాపరి కొండంతా వెతుకుతాడని, గొర్రె అరుపు విని పరిగెత్తుతాడని, భుజాన వేసుకుని వస్తాడని. అక్క తల అడ్డంగా ఊపింది.

"గొర్రెను ఎన్నడన్న కాసినవా నువ్వు?"

"లేదు."

"గందుకే. తప్పిపోయిన గొర్రె ఒక్క పూట అరుస్తది, గంతే. ఎవ్వలు రాకపోతే నోరు మూసుకుంటది. ఏ పొద కిందనో పండుకుంటది. పక్కకెల్లి పోయినా సప్పుడు చెయ్యది. అరిస్తే దొర్కవట్టుడు గొప్ప గాదు తమ్మీ. మా నాయన చీకట్ల గొర్రె దగ్గితే చాలు, అది ఏ గొర్రెనో చెప్తుండె. సూడనవసరం లేదు."

ఆ ఆదివారం నా ప్రసంగంలో ఆ మాటలు వాడుకున్నాను. సంఘం చాలా మెచ్చుకుంది. ఎవరి మాటలో చెప్పలేదు.

మా క్లాసు గుమ్మం పక్కన వేలిముద్రతో హాజరు వేసే మిషన్ ఉండేది. అందరం అలా ఆనించి ఇలా లోపలికి పోయేవాళ్లం. అక్క మాత్రం తుడుచుకోవాలి, ఊదాలి, పెట్టాలి. మిషన్‌లోని ఆడగొంతు "మళ్లీ ప్రయత్నించండి" అనేది. "పెడ్తున్న తల్లీ, ఏం తొందర నీకు" అని అక్క దానికి జవాబు చెప్పేది. వెనక ఉన్న పిల్లలు నవ్వేవారు. "గీ మిషనత్తకు నేను నచ్చలే" అని వాళ్లతోపాటే నవ్వి పక్కకు జరిగేది.

వేలు ఎందుకు పడదో మాకు తెలిసింది మూడో వారంలో. వేలిముద్ర మనిషితో పుట్టి మనిషితోనే పోతుందని, మధ్యలో చెరగదని సారు పాఠం చెబుతున్నారు. అక్క చెయ్యి ఎత్తింది. ప్రశ్న అడుగుతుందనుకున్నాం. చెయ్యి దించలేదు. అరచెయ్యి అందరివైపూ తిప్పింది.

"సార్, చెరుగుతది. సూడుండ్రి."

సారు దగ్గరికి వచ్చి చూశారు. వేళ్ల కొసలు నీళ్లలో పడివున్న గులకరాళ్లలా ఉన్నాయి. గీత లేదు.

"పదకొండేండ్ల వయసు సంది వకీలయ్యేదాక పాలిష్ కాడనే ఉన్న సార్. తడి బండను వేలుతోని నిమరాలె. యాడ గరుకుందో కన్ను చెప్పది, వేలే చెప్తది. బండను నున్నగ చేస్తానికి పోతే, బండ నన్ను నున్నగ చేసింది."

సారు పుస్తకం మూసి, "ఈ పాఠం రేపు చెబుతాను. ఇంకోసారి చదువుకుని వస్తాను" అన్నారు. చదువు చెప్పేవాళ్ల నోట ఆ మాట అంతకుముందు నేను వినలేదు.

ఇన్నొవేషన్ పేపరులో ప్రతి ఒక్కరూ ఏదో ఒక కొత్త పద్ధతి రాసి చూపాలి. మేమంతా యాప్‌లు రాశాం. నాది భూమి కాగితాల యాప్. అక్క ఒక్క పేజీ రాసింది. యంత్రం కాదన్నచోట ఒక పుస్తకం ఉండాలి. అందులో ఆ మనిషి తన చేత్తో పేరు రాయాలి. పక్క గడిలో తెలిసిన మనిషి ఒకడు సాక్షి సంతకం పెట్టాలి. ఆ సాక్షి ఎవరో ముందే చెప్పాలి, ఒక్కడే ఉండాలి.

"ఇది పాత పద్ధతే గదక్కా" అని ఎవరో నవ్వారు.

"మర్సిపోయినదాన్ని మల్ల తెస్తే కొత్తదే."

"సాక్షి ఒక్కడే ఎందుకు?" అని సారు అడిగారు.

"పదిమంది ఉంటే పదిమందీ ఇంకొకడు సూసిండనుకుంటరు సార్. ఒక్కడైతే వానికి బాధ్యత ఉంటది."

సారుకు ఆ కాగితం ఎంత నచ్చిందంటే, ఆఫీసులో మాట్లాడి ఆమె హాజరుకు అదే పద్ధతి పెట్టించారు. ఆఫీసు కిటికీ దగ్గర నీలం అట్ట పుస్తకం ఒకటి వచ్చింది. రోజూ క్లాసు అయ్యాక అక్క అందులో పేరు రాయాలి, సాక్షి ఆ రోజే సంతకం పెట్టాలి. సాక్షి ఎవరని గుమాస్తా అడిగితే అక్క నన్ను ముందుకు నెట్టింది.

"గీ పాస్టర్ సాబ్‌ను రాస్కో అన్నా. సస్తె అబద్ధమాడడు."

ఆ మాటకు నేను పొంగిపోయాను. రెండు సెమిస్టర్లు రోజూ సంతకం పెట్టాను. సంతకం పెట్టేటప్పుడు అక్క పక్కన నిలబడి, "మంచిగ పెట్టు, వంకర పోతుంది" అని గమ్మత్తు చేసేది.

దగ్గు మొదటినుంచీ ఉంది. రెండు పొట్టి దగ్గులు, ఒక పొడుగు దగ్గు. తర్వాత గొంతులో ఇసుక జారినట్టు చిన్న గరగర. రైల్లో తువ్వాల అడ్డం పెట్టుకునేది. "ఏంలే, బండ దుమ్ము. కడుపుల అంగడి పెట్టుకుంది" అనేది. మూడో సెమిస్టరులో ఎక్కువైంది. రెండుసార్లు క్లాసులో దగ్గు ఆగక సారు పాఠం ఆపి ఎదురుచూడాల్సి వచ్చింది. ముందు బెంచీలో ఒక అమ్మాయి ముక్కుకు చేతిరుమాలు పెట్టుకుంది. ఆ అమ్మాయి తప్పేమీ లేదు, తెలియక పెట్టుకుంది. అక్క మాత్రం చూసింది. ఆ మధ్య ఆసుపత్రి చుట్టూ తిరగడంలో చాలా క్లాసులు పోయాయి కూడా.

ఇక ఆ రోజు.

వికారాబాద్‌లో రైలెక్కితే పక్క సీటు మీద తువ్వాల లేదు. అక్క లేదు. క్లాసులోనూ లేదు. ఆసుపత్రికి పోయిందేమో అనుకున్నాను. ఆ రోజు పాఠం సమ్మతి గురించి. నేను కూడా లేచి ఒక ప్రశ్న అడిగాను. క్లాసు అయ్యాక ఆఫీసు ముందునుంచి పోతుంటే అక్క పిలిచింది. కిటికీ దగ్గర నిలబడి ఉంది. పుస్తకంలో పేరు అప్పటికే రాసింది.

"తమ్మీ, సంతకం పెట్టు. బండి టైమైతుంది."

"నువ్వెప్పుడొచ్చినవ్ అక్కా? క్లాసుల లేవు గదా."

"తర్వాతి బండికొచ్చిన. పొద్దుగాల ఎక్స్‌రేకు పొమ్మన్నరు. దగ్గు ఆగుతలేదని బయట కిటికి కింద మెట్టు మీద కూసున్న. పాఠం మొత్తం ఇన్న."

గుమాస్తా పెన్ను నా చేతికి ఇచ్చి, "ఇదొక్కటి పోతే ఈ అమ్మకు హాజరు చాలది సార్. పరీక్షకు కూసోనియ్యరు" అన్నాడు. తర్వాత ఏదో మాటవరసకు అడిగినట్టు, "మీరు సూసిండ్రు గదా?" అన్నాడు.

తోటివాళ్లు ఒకరి బదులు ఒకరు అసైన్‌మెంట్ల మీద సంతకాలు చేస్తుంటే నేను ఏనాడూ చేయలేదు. అబద్ధ సాక్ష్యం పలకకూడదని ఆరేళ్లప్పుడు సండే స్కూల్లో మోకాళ్ల మీద నేర్చుకున్నవాణ్ణి.

"సూడలేదు" అన్నాను.

"నేను చెప్తున్న గదా తమ్మీ."

"సూడనిదానికి సంతకం ఎట్ల పెట్టాలె అక్కా? నువ్వే చెప్పు."

అక్క భుజాన ఉన్న సంచిలో చెయ్యి పెట్టింది. ఏదో తీయబోయింది. నా ముఖం వైపు చూసింది. చెయ్యి ఖాళీగా బయటికి తీసేసింది.

"మంచిదే తియ్" అంది. "పా, బండి పోతది."

అంతే అడిగింది. ఆ ఒక్కసారే.

తిరుగు రైల్లో నా పక్కనే కూర్చుంది. రొట్టె పెట్టింది. శంకర్‌పల్లి దాటాక కిటికీలోంచి బయటికి చూస్తూ, "మిషన్ కాదంటే మనిషినడగాలె అని రాస్తిని. మనిషి కాదంటే ఎవలినడగాలెనో రాయకపోతిని" అంది. నవ్వుతూనే అంది. నేను బైబిలు తెరిచి చదువుకుంటున్నట్టు కూర్చున్నాను.

ఆ వచ్చిన ఆదివారం సంఘంలో సాక్ష్యాల సమయాన నేను నిలబడ్డాను. నాకు ఎంతో దగ్గరి మనిషి, చూడనిదానికి సంతకం పెట్టమని అడిగితే, ప్రభువు బలమిస్తే పెట్టలేదని చెప్పాను. "స్తోత్రం" అన్నారందరూ. ఒక పెద్దాయన లేచి నా చెయ్యి పట్టుకుని ఊపారు. ఇంటికి వెళ్లి కడుపునిండా తిన్నాను. ఇదీ రాయాలి కాబట్టి రాస్తున్నాను.

అక్కను పరీక్షకు కూర్చోనివ్వలేదు. మళ్లీ ఏడు ఆ సెమిస్టరు మొదటినుంచి చదవమన్నారు. సారు ఎంత చెప్పినా ఆఫీసు వినలేదు. "సాక్షి సంతకం లేదు గదండీ" అన్నారు. అక్క పెట్టించిన పద్ధతే అక్కకు అడ్డం వచ్చింది. అక్క నన్ను ఒక్క మాట అనలేదు. నా పరీక్షల రోజుల్లో ఫోన్ చేసి, "మంచిగ రాయి. తినిపో" అనేది. ఒకసారి నేనే క్షమాపణ అడగబోయాను. మాట పూర్తికానివ్వలేదు. "నీ దిక్కుకెల్లి నువ్వు కరెక్టే తమ్మీ. ఫికర్ చెయ్యకు. మల్లేడు రాస్త గదా" అంది.

మళ్లీ ఏడు ఫీజు కట్టింది. రెండు వారాలు వచ్చిందట. తర్వాత తాండూరు దాటలేదు.

వానకాలంలో ఒక మధ్యాహ్నం నా ఫోన్‌లో ఆమె పేరు కనబడింది. ఎత్తితే ముసలి గొంతు. "నేను ఆమె అమ్మను అయ్యా. నిన్న మన్నుల పెట్టినం. నీకు చెప్పమన్నది."

మర్నాడు వెళ్లాను. తాండూరులో పాలిష్ మిషన్ల వెనక సందు అది. గోడలన్నీ విరిగిన బండ ముక్కలతో కట్టినవే. వాన పడ్డా తెల్లదుమ్ము చూరుకింద అలాగే అంటుకుని ఉంది. ఆమె అమ్మ గడప దగ్గర గొంగడి మీద కూర్చుని ఉంది.

"నువ్వేనా అయ్యా, పాస్టర్ సాబంటే?"

"అవునమ్మా."

"నీ ముచ్చట మస్తు చెప్తుండె. అబద్ధమాడనోడు ఒక్కడున్నడే అమ్మా, అంటుండె."

తలెత్తలేకపోయాను. ఆమె లోపలికి పోయి ఒక మూట తెచ్చింది. ఆకుపచ్చ గళ్ల తువ్వాలలో చుట్టిన లావుపాటి నోట్‌బుక్కు. "నీకియ్యమన్నది. ఆఖరు పరీక్షకు పనికొస్తదట. ఆమెకైతే ఇగ పరీక్ష లేదాయె."

తిరుగు రైల్లో నోట్‌బుక్కు తెరిచాను. అక్క ప్రతి పాఠానికీ పైన తేదీ వేసేది. తేదీలు తిప్పుతూ పోయాను. నాకు తెలుసు ఎక్కడ ఆగుతానో. ఆ రోజు తేదీ ఉంది. కింద ఆమె దస్తూరి:

"బయట మెట్టు మీద. కిటికి సగం తెరిచి ఉంది. సార్ గొంతు మంచిగ ఇనవడ్తుంది."

ఆ తర్వాత నాలుగు పేజీలు. సారు చెప్పిన ఒక్క మాటా పోలేదు. మూడో పేజీ మధ్యలో:

"పాస్టర్ సాబ్ అడిగిండు: సదవకుండ నొక్కిన సమ్మతి సమ్మతేనా? మంచి ప్రశ్న. సార్ అన్నడు: నువ్వు సదివే నొక్కుతవా? అందరు నవ్విండ్రు. నాకు గూడ నవ్వొచ్చింది. దగ్గొచ్చింది. తువ్వాల నోట్లె పెట్టుకున్న."

ఇదే ఆ రోజు సంచిలోంచి తీయబోయి తీయనిది. చూపిస్తే నేను సంతకం పెట్టేవాణ్ణి. కానీ తన మాట సరిపోని మనిషికి కాగితం చూపించి ఒప్పించడం ఆమెకు ఇష్టం లేకపోయింది. ఏడాదిన్నరగా రొట్టె పంచుకున్నవాడి ముందు కూడా వేలు తుడుచుకుని, ఊది, పెట్టాలా అనుకుని ఉంటుంది.

అక్కడితో అయిపోతే, చూడనివాణ్ణి కాబట్టి పొరపడ్డానని సర్దిచెప్పుకునేవాణ్ణి. కానీ ఆ వాక్యం చదివాక ఆ క్లాసు నాకు మళ్లీ వినబడింది. సారు ఎగతాళి. క్లాసంతా నవ్వు. ఆ నవ్వు సద్దుమణిగే చోట కిటికీ వైపునుంచి, బట్ట అడ్డంపెట్టిన దగ్గు. రెండు పొట్టివి. ఒకటి పొడుగు. నేను తల తిప్పాను కూడా. సగం తెరిచిన కిటికీ తలుపు, వెలుతురు, అంతే కనబడ్డాయి. సారు మళ్లీ మొదలుపెట్టారు. నేను ఇటు తిరిగాను.

విన్నాను. ఎవరిదో తెలుసు. ఆఫీసు కిటికీ దగ్గర గుమాస్తా "సూసిండ్రు గదా" అని అడిగాడు గనుక, "సూడలేదు" అన్నాను. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ప్రతి ఆదివారం కంటికి కనబడని ప్రభువు ఉన్నాడని ధైర్యంగా సాక్ష్యం చెప్పే నాకు, ఆ రోజు కన్ను తప్ప ఇంకేదీ సాక్ష్యంగా కనబడలేదు. మనుషుల ముందు నీతిమంతుడిగా నిలబడాలన్న ఆశకు నేను దేవుని ఆజ్ఞను అడ్డం పెట్టుకున్నాను.

ఆ నోట్‌బుక్కు చదివే నేను ఆఖరి పరీక్ష రాశాను. పాసయ్యాను. తర్వాత దాన్ని తువ్వాలలో చుట్టి నా బైబిలు పక్కన పెట్టాను. ఇన్ని నెలలు రోజూ దాని పక్కనుంచే బైబిలు తీసుకున్నాను, పెట్టాను. ఎవరికీ ఏమీ చెప్పలేదు. శనివారం ఆ ముసలమ్మ వేలి మీద ఊదేదాకా.

ఆదివారం సాక్ష్యాల సమయాన అదే చోట నిలబడ్డాను. అప్పుడు చెప్పిన సాక్ష్యాన్ని వెనక్కి తీసుకుంటున్నానని, ఎందుకో, మొత్తం చెప్పాను. ఎవరూ స్తోత్రం అనలేదు. వెనక వరుసలోంచి ఒక పెద్దమ్మ, "మరి గిప్పుడు ఆ పిల్లకు మనమేం చేస్తం అయ్యా?" అంది.

సోమవారం హైదరాబాద్ బండి ఎక్కాను. కాలేజీలో అదే గుమాస్తా. నీలం అట్ట పుస్తకం అడిగితే బీరువా కిందినుంచి వెతికి తీశాడు.

"ఆ అమ్మ పోయినంక దీంట్ల ఎవ్వరు రాయలే సార్."

పేజీలు తిప్పాను. ప్రతి వరుసలో ఆమె పేరు, పక్కన నా సంతకం. ఒకచోట ఆమె పేరు, పక్కన ఖాళీ గడి.

"ఇప్పుడు పెడితే చెల్లది సార్. ఆ రోజే పెట్టాలె."

"తెల్సన్నా. చెల్లాలని కాదు."

అతను పుస్తకం నా వైపు తిప్పాడు, పెన్ను ఇచ్చాడు. ఆ గడిలో ఈ సోమవారం తేదీ వేశాను. "చూడలేదు, విన్నాను" అని రాసి సంతకం పెట్టాను. అతను పుస్తకం తనవైపు తిప్పుకుని చదివాడు.

"ఏం విన్నరు సార్?"

"ఆమె దగ్గు" అన్నాను.